సర్వర్ పడిపోయింది, కొత్తది పెట్టేయమంటారా? సెఫ్ క్లస్టర్ మరమ్మతు ఎలా చేయాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్ల వాళ్లు, కాకినాడ, అమలాపురం కాలేజీల్లో సిస్టమ్స్ చూసేవాళ్లు, కేబుల్ ఇంటర్నెట్ నడిపేవాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న: "మా సెఫ్ క్లస్టర్‌లో ఒక సర్వర్ పడిపోయిందండీ, కొత్తది పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టేయమంటారా?"

ఇంకా వద్దు. సెఫ్ అంటే కొన్ని సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే నిల్వగా నడిపే సాఫ్ట్‌వేర్, ఆ సర్వర్ల గుంపే క్లస్టర్. రీబిల్డ్ అంటే పోయిన డేటాను మిగిలినదాని నుంచి మళ్లీ కట్టడం. సర్వర్ పోవడం వేరు, డేటా పోవడం వేరు. పడిపోయిన పెట్టెలో చాలాసార్లు డిస్కులు నిక్షేపంగా ఉంటాయి. పోయింది ఎస్‌ఎంపీఎస్ (సర్వర్‌కి కరెంటు అందించే పెట్టె) కావచ్చు, ఉప్పుగాలికి పట్టిన చిలుము వల్ల ర్యామ్ కాంటాక్ట్ కావచ్చు, నెట్‌వర్క్ కేబుల్ కావచ్చు. అలాంటప్పుడు రీబిల్డ్ మొదలుపెడితే మిగిలిన సర్వర్ల డిస్కులన్నీ రెండు మూడు రోజులు ఊపిరాడకుండా పనిచేయాలి. రెండో డిస్కు చచ్చిపోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. క్లస్టర్ మరమ్మతంటే డేటాను మోయడమే. ఎంత తక్కువ మోస్తే అంత త్వరగా ఒడ్డున పడతారు. కింద చెప్పిన అడుగుల వరస కూడా ఆ లెక్కనే పెట్టాం: ముందు ఏమీ మోయనక్కర్లేని దారి, తర్వాత డిస్కుల్ని చేత్తో మోసే దారి, చివరికి నెట్‌వర్క్ మీద మోసే దారి.

ఉదాహరణకి ఒక చిన్న క్లస్టర్ అనుకుందాం. ఆరు సర్వర్లు. ఒక్కోదాంట్లో 8 టీబీ హార్డ్‌డిస్కులు నాలుగు, వాటి డీబీ (డిస్కులో ఏది ఎక్కడుందో రాసుకునే పట్టిక) కోసం ఒక ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ). లెక్కలు, దస్తావేజులు 3 కాపీల పూల్‌లో (పూల్ అంటే ఒకే పద్ధతిలో దాచే డేటా విభాగం) ఉంటాయి. సీసీ కెమెరాల ఫుటేజీ, పాత ఫైళ్లు 4+2 ఎరేజర్ కోడింగ్ పూల్‌లో ఉంటాయి. 4+2 అంటే ప్రతి వస్తువునూ నాలుగు డేటా ముక్కలు చేసి, రెండు పారిటీ ముక్కలు కలిపి, ఆరు సర్వర్లలో తలా ఒకటి పెట్టడం. ఆరింట్లో ఏ నాలుగు దొరికినా మొత్తం తిరిగి వస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

కమాండ్లను ఫోన్లో చెప్పుకునే తీరులో తెలుగులోనే రాశాం. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. "డ్యాష్" అన్నచోట చిన్న గీత, "అండర్‌స్కోర్" అన్నచోట కింద గీత.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పడిపోయిన సర్వర్ మోడల్‌దే ఇంకో ఖాళీ పెట్టె, లేదా కనీసం అదే రకం ఎస్‌ఎంపీఎస్ ఒకటి
- అదే సైజు లేదా అంతకన్నా పెద్ద డిస్కులు రెండు. సీఎంఆర్ రకమే కొనండి. ఎస్‌ఎంఆర్ డిస్కు ధర తక్కువే గానీ, ఆపకుండా రాయాల్సి వచ్చినప్పుడు నత్తనడక నడుస్తుంది; రెండు రోజుల రీబిల్డ్ రెండు వారాలకు సాగుతుంది
- పనిచేస్తుందని చూసి పెట్టిన నెట్‌వర్క్ కేబుల్, మీరు వాడే రకం ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్
- సీఆర్2032 బటన్ బ్యాటరీ
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్, యాంటీస్టాటిక్ రిస్ట్ బ్యాండ్
- పేపర్ టేపు, మార్కర్ పెన్ను. చవకే కానీ, ఇవి లేకనే చాలా అనర్థాలు జరుగుతాయి
- క్లస్టర్ అడ్మిన్ కీ, సెఫ్ వెర్షన్ నంబరు, ఏ డిస్కు ఏ ఓఎస్‌డీయో (ఓఎస్‌డీ అంటే ఒక్కో డేటా డిస్కునూ నడిపే సెఫ్ ప్రోగ్రామ్) సీరియల్ నంబర్లతో రాసిన కాగితం

విడిభాగాలు విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో ఆర్టీసీ కార్గోలో వచ్చేసరికి ఒక రాత్రి ఎలాగూ పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ ఒకటి, డిస్కు ఒకటి ఎప్పుడూ బీరువాలో ఉంచుకోండి. డిస్కును సిలికా జెల్ పొట్లంతో పాటు మూసిన కవర్‌లో పెట్టండి. కోనసీమ గాలి తేమకి బయట పెట్టిన కనెక్టర్ ఒక్క వానాకాలంలోనే రంగు మారుతుంది.

1. ముందు చూడండి, ఏదీ ముట్టుకోకండి

"సెఫ్ డ్యాష్ ఎస్", "సెఫ్ హెల్త్ డీటెయిల్", "సెఫ్ ఓఎస్‌డీ ట్రీ". ఈ మూడూ కొట్టి, వచ్చినదాన్ని ఒక ఫైల్‌లో దాచండి. రేపు ఎవరినైనా సాయం అడిగితే మొదట అడిగేది అదే.

ట్రీలో చూడాల్సింది: డౌన్ అయిన ఓఎస్‌డీలన్నీ ఒకే సర్వర్ కింద ఉన్నాయా, వేర్వేరు సర్వర్ల కింద ఉన్నాయా? ఒకే సర్వర్ కిందైతే ఈ వ్యాసం మీకోసమే. రెండు మూడు సర్వర్లలో ఒక్కొక్కటి చొప్పున పోయినట్టు కనిపిస్తే అది డిస్కుల జబ్బు కాకపోవచ్చు. ముందు స్విచ్‌ను అనుమానించండి.

పీజీల (సెఫ్ వస్తువుల్ని కట్టలు కట్టి డిస్కులకు పంచుతుంది, ఆ కట్టలే పీజీలు) స్థితి చదవడం ఇలా: "అండర్‌సైజ్డ్", "డిగ్రేడెడ్" అంటే ముక్కలు తగ్గాయి గానీ పని సాగుతోంది. "ఇన్‌యాక్టివ్" అంటే ఆ పీజీల మీద చదవడం, రాయడం ఆగిపోయాయి. 4+2 పూల్‌కి డీఫాల్ట్ మిన్‌సైజ్ (పని సాగడానికి కనీసం ఉండాల్సిన ముక్కల సంఖ్య) 5. ఒక సర్వర్ పోతే 5 మిగులుతాయి కాబట్టి పని సాగుతుంది. రెండోది కూడా పోతే 4 మిగులుతాయి. డేటా ఉంటుంది, కానీ సెఫ్ కావాలనే తలుపు మూసేస్తుంది. అప్పుడు కంగారుపడి మిన్‌సైజ్‌ను 4కి దించకండి. దించితే ఒక్క ముక్క కూడా అదనం లేకుండా కొత్త రాతలు పడతాయి; ఇంకొక్క డిస్కు పోయిందంటే ఆ రాతలు తిరిగిరావు. ఆక్టోపస్ వెర్షన్ నుంచి మిన్‌సైజ్ కంటే తక్కువ ముక్కలున్నా, నాలుగు దొరికితే చాలు, రికవరీ దానంతటదే నడుస్తుంది. అంచేత మరమ్మతు కోసం దాన్ని దించాల్సిన పనే లేదు.

"ఇన్‌కంప్లీట్", "డౌన్", "అన్‌ఫౌండ్" అన్న మాటలు కనిపిస్తే ఆగండి. ఏ డిస్కునూ చెరపకండి, ఏ ఓఎస్‌డీనీ తీసేయకండి. 8వ అడుగు చదివాక మళ్లీ ఇక్కడికి రండి.

పడిపోయిన సర్వర్‌లో మానిటర్ (తెర కాదు, క్లస్టర్ స్థితిని లెక్కలో ఉంచే సెఫ్ ప్రోగ్రామ్) కూడా ఉందేమో చూసుకోండి. మూడు మానిటర్లలో ఒకటి పోతే మిగిలిన రెండిటి మీదే క్లస్టర్ నిలబడి ఉంటుంది. "పన్లో పని, అప్‌డేట్లు కూడా వేసేద్దాం" అని వాటిలో ఒకదాన్ని రీస్టార్ట్ చేశారా, క్లస్టర్ మొత్తం మూగబోతుంది.

2. గడియారం ఆపండి

ఓఎస్‌డీ డౌన్ అయిన 600 సెకన్లకు, అంటే పది నిమిషాలకు, సెఫ్ దాన్ని "అవుట్" అని లెక్కగట్టి డేటాను వేరేచోట కట్టడం మొదలుపెడుతుంది. ఆ పది నిమిషాల్లోపే "సెఫ్ ఓఎస్‌డీ సెట్ నోఅవుట్" కొట్టండి. ఆ ఒక్క సర్వర్‌కే వర్తించాలంటే "సెఫ్ ఓఎస్‌డీ సెట్ డ్యాష్ గ్రూప్ నోఅవుట్" అని కొట్టి, సర్వర్ పేరు చేర్చండి. ఇదే మేలు, మిగిలిన సర్వర్లకు మామూలు రక్షణ అలాగే ఉంటుంది.

నోఅవుట్ పెట్టి మర్చిపోవడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. పెట్టిన టైము టేపు మీద రాసి కంప్యూటర్ తెరకి అంటించండి. నాలుగు గంటల్లో సర్వర్ లేస్తుందన్న నమ్మకం కుదరకపోతే నోఅవుట్‌ను తీసేసి 5 లేదా 6వ అడుగుకి వెళ్లండి. ఇది మా అంచనా. మీ పూల్ చిన్నదైతే ఇంకాస్త ఆగొచ్చు.

ఆరు సర్వర్లే ఉండి 4+2 వాడేవాళ్లకి ఒక చేదు నిజం. నోఅవుట్ పెట్టకపోయినా మీ 4+2 పూల్ దానంతటది బాగుపడదు. ఆరు ముక్కలకి ఆరు వేర్వేరు సర్వర్లు కావాలి, మీ దగ్గర మిగిలింది ఐదు. ఆరో ముక్కకి చోటు లేదు. 3 కాపీల పూల్ మాత్రం మిగిలిన ఐదింట్లో సర్దుకుంటుంది. "మూడు రోజులైంది, రికవరీ పర్సెంటేజీ కదలట్లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ఏడో సర్వర్ ఉంటే ఈ బాధ ఉండదు. కొత్తగా కట్టేవాళ్లు 4+2కి ఏడుతోనే మొదలుపెట్టండి.

3. పోయింది ఏమిటో తేల్చండి

చవకైన వాటి నుంచి ఖరీదైన వాటి వైపు వెళ్లండి. పవర్ కార్డు, సాకెట్, యూపీఎస్ లైను, ఎస్‌ఎంపీఎస్. తర్వాత నెట్‌వర్క్ కేబుల్, ఎస్‌ఎఫ్‌పీ, స్విచ్ పోర్టు. తర్వాత ర్యామ్. మదర్‌బోర్డు చివర్న.

సముద్రం వైపు, అంటే నరసాపురం, అంతర్వేది, కాకినాడ ఒడ్డున ఉన్నవాళ్లు ర్యామ్ తీసి కాంటాక్టులు చూడండి. పచ్చటి పొరో నల్లటి మచ్చలో కనిపిస్తే బ్రష్‌ను ఐసోప్రొపైల్‌లో ముంచి తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి, గట్టిగా నొక్కి పెట్టండి. ఎస్‌ఏఎస్ కార్డు కాంటాక్టులు కూడా అలాగే. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ జాలీలో పురుగులు, బల్లులు ఇరుక్కుని ఉంటాయి, అదీ చూడండి.

కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేచింది, ఓఎస్‌డీలు మాత్రం క్లస్టర్‌లో చేరట్లేదు అంటే ముందు "డేట్" కొట్టండి. బటన్ బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, దాంతో క్లస్టర్ ఆ సర్వర్ తాళాన్ని ఒప్పుకోదు. మానిటర్ల మధ్య 0.05 సెకన్ల తేడా వచ్చినా సెఫ్ హెచ్చరిస్తుంది, ఏళ్ల తేడా సంగతి చెప్పక్కర్లేదు. సీఆర్2032 మార్చి, క్రోనీ (గడియారం సరిచేసే) సర్వీసు నడుస్తోందో లేదో చూడండి. వంద రూపాయల్లోపు వస్తువు కోసం కొత్త సర్వర్ ఆర్డర్ పెట్టకండి.

గదిలోకి నీళ్లొచ్చి ఉంటే దారి వేరు. తడిసిన సర్వర్‌కి కరెంటు ఇవ్వకండి. తడిసిన హార్డ్‌డిస్కును హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టకండి, ఎండలో పెట్టకండి. హీలియం నింపిన రకం కాని డిస్కుల్లో గాలి కోసం సన్న రంధ్రం ఉంటుంది, వరద నీటి ఒండ్రు అందులోంచి లోపలికి చేరి ఉండొచ్చు. మునిగింది ఒకటో రెండో సర్వర్లైతే ఆ డిస్కుల మీద డబ్బు తగలేయకండి, ముక్కలు మిగిలిన నాలుగింట్లో ఉన్నాయి. మూడు సర్వర్లు మునిగితేనే డేటా రికవరీ ల్యాబు అవసరం. అప్పుడు డిస్కులను ఆరనివ్వకుండా, తడి గుడ్డతో కవర్‌లో మూసి పంపండి. లోపల ఒండ్రు ఎండి పళ్లేనికి పట్టుకుంటే తీయడం కష్టం.

కింది అంతస్తులో ర్యాక్ ఉన్న లంక ఊళ్లవాళ్లు ధవళేశ్వరం హెచ్చరికలు చూస్తూ ఉండండి. మొదటిది 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఇస్తారు. రెండో హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా మొదటిదానికే పరికరాలను మేడమీదికి ఎక్కించే పని మొదలుపెట్టండి. హెచ్చరిక నడుస్తుండగా రీబిల్డ్ మొదలుపెట్టకండి, మధ్యలో ఆపాల్సి వస్తుంది.

4. ఏది పోయినా ఫర్వాలేదో ఇప్పుడే తేల్చుకోండి

చాలామంది దాటేసే అడుగు ఇదే. దీన్ని మించి టైము ఆదా చేసేది ఇంకోటి లేదు. క్లస్టర్‌లో ఉన్నదంతా ఒకే విలువ కాదు. జీతాల లెక్కలో ఒక్క అంకె పోకూడదు. ఎగుమతి సరుకు పరీక్షల రిపోర్టులు పోకూడదు. నలభై రోజుల కిందటి గేటు కెమెరా ఫుటేజీ పోతే ఎవరూ అడగరు. అడగని దాన్ని మళ్లీ కట్టడానికి డిస్కుల్ని అరగదీయడం దేనికి?

లెక్క చూడండి. పోయిన సర్వర్‌లో నాలుగు డిస్కులు, 60 శాతం నిండి ఉంటే 19.2 టీబీ. 1 గిగాబిట్ లైన్ మీద సెకనుకు సుమారు 110 ఎంబీ వస్తుంది. కొత్త సర్వర్‌లోకి 19.2 టీబీ దిగడానికి, ఎక్కడా ఆగకపోయినా, 48 గంటల పైమాటే. ఫుటేజీ నిల్వను 60 రోజుల నుంచి 30కి తగ్గించడంతో డిస్కులు 35 శాతానికి దిగాయనుకుంటే మిగిలేది 11.2 టీబీ, సుమారు 28 గంటలు. బటన్ నొక్కే ముందు తీసుకున్న ఒక్క నిర్ణయంతో 20 గంటల ప్రమాదం తప్పింది.

తీసేసేటప్పుడు జాగ్రత్తలు:

- కెమెరాల ఎన్‌వీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే) సాఫ్ట్‌వేర్‌లోనే నిల్వ రోజులు తగ్గించండి. పూల్‌లోకి వెళ్లి వస్తువుల్ని చేత్తో చెరిపితే సాఫ్ట్‌వేర్ జాబితాకీ డిస్కుకీ పొంతన తప్పుతుంది.
- ఎస్3 గేట్‌వే వాడుతుంటే చెరిపిన వెంటనే చోటు ఖాళీ కాదు. చెత్త ఏరివేతకు డీఫాల్ట్‌గా రెండు గంటల ఆగుదల ఉంటుంది. ఖాళీ అయిందో లేదో "సెఫ్ డీఎఫ్"లో చూశాకే రీబిల్డ్ మొదలుపెట్టండి.
- చెరువుల సెన్సార్ రీడింగులను కుదించేటప్పుడు గంట సగటు ఒక్కటే ఉంచి మిగతాది పారేయకండి. కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే కిందికి పడుతుంది, రొయ్య చచ్చేది అప్పుడే. సగటులో ఆ పడిపోవడం కనిపించదు. గంటకు కనిష్ఠం, సగటు రెండూ ఉంచితే నిమిషం నిమిషం రీడింగులు వదిలేసినా నష్టం లేదు.

మిగిలిన పూల్స్‌లో ఏది ముందు బాగుపడాలో కూడా సెఫ్‌కి చెప్పొచ్చు. పూల్‌కి "రికవరీ అండర్‌స్కోర్ ప్రయారిటీ" విలువ మైనస్ 10 నుంచి 10 దాకా పెట్టొచ్చు. లెక్కల పూల్‌కి 5, ఫుటేజీకి మైనస్ 5 పెడితే చాలు.

5. డిస్కుల్ని చేత్తో మోసే దారి

పెట్టె చచ్చి, డిస్కులు బతికి ఉంటే ఇదే సరైన దారి. నాలుగు డిస్కుల్ని పది అడుగులు మోయడం 19 టీబీని నెట్‌వర్క్ మీద మోయడం కంటే ఎన్నో రెట్లు తేలిక.

ముందు ప్రతి డిస్కు మీదా స్లాట్ నంబరు టేపు అంటించండి. ఓఎస్ డిస్కు, నాలుగు హార్డ్‌డిస్కులు, ఎన్‌వీఎంఈ అన్నీ కలిపి కొత్త పెట్టెలోకి మార్చండి. ఎన్‌వీఎంఈని పాత పెట్టెలో వదిలేయడం ఘోరమైన పొరపాటు. డీబీ దాంట్లోనే ఉంది, అది లేకుండా హార్డ్‌డిస్కు ఎందుకూ పనికిరాదు. ఆ ఎన్‌వీఎంఈయే చచ్చి ఉంటే దాని మీద ఆధారపడ్డ నాలుగు ఓఎస్‌డీలూ పోయినట్టే. 6వ అడుగుకి వెళ్లండి.

ఓఎస్ డిస్కు కూడా బాగుంటే పవర్ ఇవ్వగానే అన్నీ లేచి కూర్చుంటాయి. కొత్త పెట్టెలో నెట్‌వర్క్ పోర్టు పేరు మారి ఐపీ రాకపోవడం మామూలే, అదొక్కటి సరిచేసుకోండి. ఓఎస్ డిస్కు పోతే కొత్తగా ఓఎస్ వేసి ఇలా చేయండి:

- సర్వర్ పేరు పాతదే పెట్టండి, ఐపీ కూడా పాతదే. పేరు మారితే ఓఎస్‌డీలు లేవగానే కొత్త సర్వర్ కింద చేరతాయి, సెఫ్ డేటా మొత్తాన్ని అటూ ఇటూ మోయడం మొదలుపెడుతుంది. తప్పించుకోవాలనుకున్న మోతే నెత్తిన పడుతుంది.
- పాడ్‌మ్యాన్, ఎల్‌వీఎమ్2, క్రోనీ వేయండి. "సెఫ్ సెఫ్‌ఏడీఎమ్ గెట్ డ్యాష్ పబ్ డ్యాష్ కీ" ఇచ్చే తాళాన్ని రూట్ యూజర్‌కి చేర్చండి.
- "సెఫ్ సెఫ్‌ఏడీఎమ్ ఓఎస్‌డీ యాక్టివేట్" కొట్టి సర్వర్ పేరు ఇవ్వండి. డిస్కుల మీద ఉన్న ఓఎస్‌డీలను అదే గుర్తుపట్టి లేపుతుంది.

ఒక హెచ్చరిక. పాత పెట్టెలో రెయిడ్ కార్డు ఉండి, ఒక్కో డిస్కునూ ఒక్కో రెయిడ్ సున్నాగా చేసి ఉంటే, మామూలు హెచ్‌బీఏ (డిస్కుల్ని నేరుగా కలిపే) కార్డు ఆ డిస్కుల్ని ఖాళీ డిస్కులుగా చూపించవచ్చు. "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడిగితే వద్దనండి. పాత రెయిడ్ కార్డునే తీసి కొత్త పెట్టెలో పెట్టండి.

ఓఎస్‌డీలు లేచాక, సర్వర్ లేని గంటల్లో మారిన వస్తువులు మాత్రమే అటు వస్తాయి. అది నిమిషాల్లోనో గంటలోనో తేలిపోతుంది. ఇక్కడితో పని అయిపోయినవాళ్లు నేరుగా 9కి వెళ్లండి.

6. నెట్‌వర్క్ మీద మళ్లీ కట్టే దారి

డిస్కులు నిజంగా పోయినప్పుడే ఇది. 4+2లో పోయిన ఒక్కో ముక్కను కట్టాలంటే మిగిలినవాటిలో నాలుగు ముక్కలు చదవాలి. 19.2 టీబీ కట్టడానికి దాదాపు 77 టీబీ చదువు. 3 కాపీల పూల్‌లో అయితే ఎంత పోతే అంతే చదువు. ఈ తేడా తెలియక "కాపీల పూల్ రాత్రికి రాత్రే అయింది, ఇదేంటి ఇంతసేపు?" అని మధ్యలో కెలుకుతారు. కెలకకండి. ఈ చదువును తగ్గించే క్లే కోడ్ అనేది సెఫ్‌లో ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకుల చేయి దాంట్లో పెద్దది. 4+2లో నాలుగు ముక్కల బదులు రెండున్నర ముక్కలంత చదివితే చాలు. అయితే పూల్ కట్టాక దాని కోడ్ మార్చలేం, కొత్త పూల్ కట్టి డేటా అందులోకి పోసుకోవాలి. ఇప్పుడు ప్రమాదంలో ఉన్నవాళ్లకి అది పనికొచ్చే మాట కాదు.

వరస ఇది:

అ) కొత్త డిస్కులకి స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం తానే చూసుకునే ఏర్పాటు) లాంగ్ టెస్ట్ పెట్టండి. 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది. అంత టైము లేకపోతే షార్ట్ టెస్టయినా చేసి, సీరియల్ నంబర్లు రాసుకోండి.

ఆ) "సెఫ్ ఓఎస్‌డీ సెట్ నోబ్యాక్‌ఫిల్". నాలుగు ఓఎస్‌డీలూ లేచేదాకా డేటా కదలకుండా ఆపుతుంది. లేకపోతే మొదటిది లేవగానే మోత మొదలై, రెండోది లేవగానే లెక్క మారి, మోసిందే మళ్లీ మోస్తుంది.

ఇ) పాత ఓఎస్‌డీలను "డిస్ట్రాయ్" చేయండి, "పర్జ్" వద్దు. డిస్ట్రాయ్ చేస్తే నంబరు, క్రష్ మ్యాప్‌లో (ఏ ముక్క ఏ డిస్కుకి వెళ్లాలో తేల్చే పటంలో) స్థానం అలాగే ఉంటాయి. కొత్త డిస్కు వచ్చి అదే కుర్చీలో కూర్చుంటుంది. పర్జ్ చేస్తే కుర్చీయే పోతుంది. అలాగే చచ్చిన సర్వర్‌ను "ఆర్క్ హోస్ట్ ఆర్ఎమ్"తో ఆఫ్‌లైన్, ఫోర్స్ పెట్టి తీసేయకండి, అది లోపల చేసేది ఓఎస్‌డీలను పర్జ్ చేయడమే.

చెరిపేముందు "సేఫ్ డ్యాష్ టు డ్యాష్ డిస్ట్రాయ్" అడగమని అందరూ చెబుతారు, మంచి మాటే. కానీ ఆరు సర్వర్ల 4+2లో అది ఎప్పటికీ "సరే" అనదు, ఆరో ముక్కకి చోటు లేదు కాబట్టి. అందుకని వారం ఎదురుచూడకండి. "ఇన్‌కంప్లీట్", "డౌన్", "అన్‌ఫౌండ్" మూడూ లేవని చూసుకుని ముందుకెళ్లండి.

ఈ) కొత్త ఓఎస్‌డీలను పాత నంబర్లతోనే తయారుచేయండి. ట్రీలో నాలుగూ "అప్" అయ్యాక "అన్‌సెట్ నోబ్యాక్‌ఫిల్". నోఅవుట్ ఇంకా ఉంటే దాన్నీ తీయండి.

7. నడుస్తుండగా

మోత మొదలయ్యే ముందు ఒక్క పరీక్ష తప్పనిసరి. మీ నెట్‌వర్క్‌లో 9000 ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) ఉంటే కొత్త సర్వర్ నుంచి మిగిలిన ఐదింటికీ "పింగ్ డ్యాష్ ఎమ్ డూ డ్యాష్ ఎస్ 8972" (ఎమ్ పెద్ద అక్షరం, ఎస్ చిన్నది) కొట్టి చూడండి. కొత్త పోర్టులో స్విచ్ 1500 దగ్గరే ఉండిపోతే మామూలు పింగ్ బాగానే వెళ్తుంది, పెద్ద ప్యాకెట్లు మాత్రం మాయమవుతాయి. ఓఎస్‌డీలు లేస్తూ పడుతూ ఉంటాయి. డిస్కు తప్పనుకుని డిస్కులు మార్చేస్తుంటారు.

వేగం సంగతి. క్విన్సీ వెర్షన్ నుంచి ఎమ్‌క్లాక్ అనే షెడ్యూలర్ వచ్చింది. పాత వ్యాసాలు చూసి "మ్యాక్స్ బ్యాక్‌ఫిల్స్" విలువ పెంచినా అది పట్టించుకోదు. "ఓఎస్‌డీ అండర్‌స్కోర్ ఎమ్‌క్లాక్ అండర్‌స్కోర్ ప్రొఫైల్"ను రాత్రి "హై రికవరీ ఆప్స్" చేసి, పొద్దున్న ఆఫీసు తెరిచే టైముకి "బ్యాలెన్స్‌డ్"కి మార్చండి. కొట్టేటప్పుడు ఆ పదాల మధ్య కూడా అండర్‌స్కోరే.

రెండు రోజుల పని కాబట్టి జనరేటర్‌లో డీజిల్, యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకోండి. అక్టోబరు, నవంబరు తుఫాను రోజుల్లో అయితే వాతావరణ సూచన చూసి మొదలుపెట్టండి. ఏసీ ఆగితే డిస్కులు ఎంత వేడెక్కుతున్నాయో స్మార్ట్‌లో కనిపెట్టి ఉండండి. 45 డిగ్రీలు దాటుతుంటే ప్రొఫైల్ తగ్గించండి.

పూటకోసారి చూడాల్సినవి రెండు. "సెఫ్ ఓఎస్‌డీ డీఎఫ్ ట్రీ"లో ఏ ఓఎస్‌డీ అయినా 85 శాతం దాటితే హెచ్చరిక వస్తుంది, 90 దాటితే దానిలోకి బ్యాక్‌ఫిల్ ఆగుతుంది, 95 దాటితే రాతలే ఆగిపోతాయి. రెండోది మానిటర్ల డిస్కు. పీజీలు శుభ్రం కానన్నాళ్లూ పాత మ్యాపులు పారేయకుండా దాచుకుంటాయి కాబట్టి వాటి డేటాబేస్ ఉబ్బుతుంది. ఓఎస్ డిస్కు చిన్నదైతే అదే నిండి మానిటర్ పడిపోతుంది.

"డిగ్రేడెడ్" సంఖ్య తగ్గుతుంటే ముక్కలు తిరిగి వస్తున్నాయని అర్థం. "మిస్‌ప్లేస్‌డ్" అంటే ముక్కలన్నీ ఉన్నాయి, చోటు మారాలంతే. కళ్లు మొదటిదాని మీద పెట్టండి.

8. ఏదైనా "అన్‌ఫౌండ్" అంటే

మధ్యలో ఇంకో డిస్కు పోయి కొన్ని వస్తువులు దొరకట్లేదంటే, ముందు పాత డిస్కుల్లో బతికున్నవి ఏవైనా ఉన్నాయా చూడండి. ఒక్కటి లేపినా చాలు, కొన్నిసార్లు అన్నీ దొరుకుతాయి. పీజీ నంబరుతో "లిస్ట్ అండర్‌స్కోర్ అన్‌ఫౌండ్" కొట్టి ఏ వస్తువులో తెలుసుకోండి. అవి ఫుటేజీ అని తేలితే, 4వ అడుగులో తీసుకున్న నిర్ణయం ప్రకారం వదిలేయొచ్చు. "మార్క్ అండర్‌స్కోర్ అన్‌ఫౌండ్ అండర్‌స్కోర్ లాస్ట్" కమాండుకి ఎరేజర్ కోడింగ్ పూల్‌లో "డిలీట్" ఒక్కటే పనిచేస్తుంది, పాత వెర్షన్‌కి తిప్పే "రివర్ట్" ఉండదు. దీనికి తిరుగు లేదు. లెక్కల పూల్ అయితే ఈ కమాండ్ కొట్టకముందే బ్యాకప్ తెచ్చుకుని పక్కన పెట్టుకోండి.

9. నిజంగా బాగుపడిందా?

"హెల్త్ ఓకే" అని పచ్చగా కనిపించడంతో పని అయిపోయినట్టు కాదు. ముక్కలు ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయని మాత్రమే అది చెబుతుంది. ప్రతి ముక్కా సరిగ్గా చదవడానికి వస్తుందో లేదో డీప్ స్క్రబ్ చెబుతుంది. డీఫాల్ట్‌గా అది వారానికోసారి. ఆగకుండా, కొత్త ఓఎస్‌డీలు ఒక్కొక్కదానికీ "సెఫ్ ఓఎస్‌డీ డీప్ డ్యాష్ స్క్రబ్" మీరే కొట్టండి, రాత్రికి ఒకటి చొప్పున. "ఇన్‌కన్సిస్టెంట్" అని ఏ పీజీ అయినా వస్తే, ఏ డిస్కు మీది ముక్క చెడిందో చూశాకే "సెఫ్ పీజీ రిపేర్" చేయండి. ఒకే డిస్కు పేరు రెండు మూడుసార్లు వస్తే తప్పు పీజీది కాదు, ఆ డిస్కుని మార్చాలి.

తర్వాత చేత్తో చేసే పరీక్ష. ముందే చెక్‌సమ్ తీసి పెట్టుకున్న ఫైళ్లు, ప్రతి పూల్ నుంచీ పదేసి, దించి పోల్చండి. చెక్‌సమ్‌లు లేవంటే ఇవాళే తీసి పెట్టుకోండి, వచ్చేసారికి ఉంటాయి. ఒక ఫుటేజీ క్లిప్పు మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూడండి. "సెఫ్ డ్యాష్ ఎస్"లో జెండాల వరస ఖాళీగా ఉందా? నోఅవుట్, నోబ్యాక్‌ఫిల్ అక్కడే కూర్చుని ఉంటాయి. సర్వర్‌కి మాత్రమే పెట్టిన నోఅవుట్‌కి "అన్‌సెట్ డ్యాష్ గ్రూప్" విడిగా కొట్టాలి. మానిటర్లు మళ్లీ మూడయ్యాయా? కొత్త సీరియల్ నంబర్లు కాగితం మీదికి ఎక్కాయా?

పాత డిస్కులను అప్పుడే పారేయకండి, వేరే పనికి వాడకండి. కొంత చదవడానికి వచ్చే డిస్కు నుంచి "సెఫ్ ఆబ్జెక్ట్‌స్టోర్ టూల్"తో ఒక పీజీని విడిగా బయటికి తీయొచ్చు. చివరి అవకాశం అదే. దానికీ డీబీ కావాలి కాబట్టి పాత ఎన్‌వీఎంఈని కూడా వాటితో కలిపి కవర్‌లో మూసి, ఓఎస్‌డీ నంబరు రాసి బీరువాలో పెట్టండి. కొత్త ఓఎస్‌డీల డీప్ స్క్రబ్ తేదీలన్నీ మరమ్మతు పూర్తయిన తర్వాతివే అని చూసుకున్నాకే వాటిని చెరిపి పాత సామాన్లోకి వేయండి.